మిషన్ మాట: ఆట పెట్టెకి కూడా గాలి ఆడాలి

ఉగాది దాటిన రెండో ఆదివారం మా వీధి చివరి ఇంటి చెల్లెమ్మ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లోడి చేతిలో నింటెండో స్విచ్. "అన్నా, నువ్వు నెలనెలా మిషన్ల గురించి రాస్తా ఉంటావు గదా, దీని సంగతి కూడా చూసి చెప్పు. వీడు చెప్పేది నిజమా, నన్ను ఏమారుస్తా ఉన్నాడా, నాకు తెలియాల" అంది.

సంగతేమంటే, పిల్లోడు డిప్లొమా చదువుతున్నాడు. సాయంత్రాలు డెలివరీ పనికి పోయి కూడబెట్టిన డబ్బుతో స్నేహితుడి దగ్గర ఈ స్విచ్ పాతది కొన్నాడు. ఇరవై నిమిషాలు ఆడితే చాలు, వేడెక్కిందని మెసేజ్ ఇచ్చి నిద్రపోతోంది. "ఇది వీక్ మామా, నా ఫోన్‌లో ఉన్న చిప్పే దీనికంటే మేలు. ఆసుస్ వాళ్ళది రాగ్ అల్లై ఉంది, అదైతే పవర్" అంటాడు. ఆ రాగ్ అల్లై 2023లో మన దేశంలో విడుదలైనప్పుడు ధర 69,990 రూపాయలు. లైన్‌లో కూర్చునే టైలర్ ఐదు నెలలు అద్దె కట్టకుండా, అన్నం తినకుండా దాస్తే వచ్చే డబ్బు.

వాడి కన్ను పడింది అమ్మ పీఎఫ్ మీద. ఆమె గార్మెంట్స్ మానేసి ఇంట్లోనే మిషన్ పెట్టుకుని పీస్ వర్క్ చేస్తోంది, పాత పీఎఫ్ ఈ మధ్యే చేతికొచ్చింది. ఆ డబ్బు ఎలాంటిదో మన పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. యజమాని వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా ముట్టుకోకూడదని ఢిల్లీలో రూల్ మారిస్తే, 2016 ఏప్రిల్ 18న ఇక్కడే బొమ్మనహళ్ళిలో మన ఆడవాళ్ళు మిషన్లు వదిలి హోసూరు రోడ్డు ఎక్కారు. మర్నాడు సాయంత్రానికి రూల్ వెనక్కి పోయింది. అలా నిలబెట్టుకున్న డబ్బు ఇది. జూన్‌లో వీడి ఫీజు కూడా దాన్లోంచే కట్టాలి.

ముందు పిల్లోడి మాటలో నిజం ఎంతో చూద్దాం. స్విచ్ వీకా? కొలతల్లో చూస్తే వీకే. 2017 మార్చి 3న విడుదలైనప్పుడే దాని లోపలి చిప్ రెండేళ్ళ పాతది. ఎన్విడియా కంపెనీ టెగ్రా ఎక్స్1 అనే ఆ చిప్‌ని 2015 జనవరిలోనే బయటపెట్టింది. పైగా నింటెండో వాళ్ళు దాన్ని పూర్తి వేగంతో పరిగెత్తనివ్వలేదు. పరీక్షించి చూసినవాళ్ళ లెక్క ప్రకారం, లెక్కలు చేసే భాగాన్ని అది పోగలిగిన వేగంలో సగం దగ్గరే కట్టేశారు. బొమ్మలు గీసే భాగం టీవీకి పెట్టినప్పుడు 768 మెగాహెర్ట్‌జ్, చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు చాలా ఆటల్లో 307 మెగాహెర్ట్‌జ్ మాత్రమే.

ఉన్న బలాన్ని ఎందుకు కట్టేశారంటే, మన లైన్లే గుర్తు చేసుకోండి. పాత క్లచ్ మోటార్ మిషన్లు ఎలా ఉండేవి? స్విచ్ వేస్తే చాలు, కుట్టినా కుట్టకపోయినా కింద మోటార్ గిర్రున తిరుగుతూనే ఉండేది. బండిల్ కోసం ఎదురు చూసేటప్పుడు కూడా కరెంటు తాగేది, కాళ్ళకి సెగ తగిలేది. సర్వో మోటార్లు వచ్చాక పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది, నొక్కినంతే తిరుగుతుంది. హాలు కొంచెం చల్లబడింది, బిల్లూ తగ్గింది. స్విచ్‌లో కట్టిన వేగం అలాంటిదే, పనికి తగినంతే నొక్కిన పెడల్.

చేతిలో ఆడేటప్పుడు దాని తెర మీద చుక్కలు అడ్డంగా 1280, నిలువుగా 720. అంటే తొమ్మిది లక్షల పైచిలుకు. టీవీకి పెడితే 1920 ఇంటూ 1080 దాకా పోతుంది, ఇరవై లక్షలు దాటుతుంది. గీయాల్సిన చుక్కలు రెండుంపావు రెట్లు, పెంచిన వేగం రెండున్నర రెట్లు. చిన్న తెర మీద ఎక్కువ గీసినా మన కంటికి ఆనదు, ఊరికే బ్యాటరీ ఖర్చు. ఈ లెక్క పిల్లోడికి చెప్తే కాసేపు మాట్లాడలేదు.

బ్యాటరీ లెక్క ఇంకా బాగుంటుంది. దాన్లో పట్టేది సుమారు 16 వాట్-గంటలు. మన బెస్కాం ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-గంటలు కదా, చార్జర్‌లో పోయేది పక్కన పెడితే ఒక యూనిట్‌తో అరవై సార్లు నింపొచ్చు. మొదటి మోడల్ రెండున్నర గంటల నుంచి ఆరున్నర గంటల దాకా వస్తుందని కంపెనీ మాట. పదహారుని రెండున్నరతో భాగిస్తే ఆరున్నర వాట్లు కూడా రాదు. అంటే పెద్ద ఆట ఆడేటప్పుడు కూడా తెర, చిప్, స్పీకరు, ఫ్యాన్ అన్నీ కలిపి మన వంటింటి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు కంటే తక్కువలో నడుస్తున్నాయి. ఎంత కరెంటు తాగితే అంత వేడి కక్కాలి, ఇంకో దారి లేదు. ఆరు వాట్ల వేడిని బయటికి తోలడానికి ఒక రాగి పైపు, అగ్గిపెట్టెలో పట్టేటంత ఫ్యాన్ సరిపోయాయి. చేతిలో పట్టుకునే వస్తువు, ఇస్త్రీ పెట్టెలా కాలితే ఎవరు పట్టుకుంటారు?

వేగం పెంచితే ఏమవుతుంది? ఇక్కడే చాలామంది పొరబడతారు. వేగం రెట్టింపు చేస్తే వేడి కూడా రెట్టింపే అనుకుంటారు. కాదు. చిప్‌ని వేగంగా నడపాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, వోల్టేజీ కొంచెం పెరిగినా వేడి చాలా పెరుగుతుంది. చివరి నాలుగో వంతు వేగం కోసం ఖర్చయ్యేదే ఎక్కువ. మిషన్‌ని ఫుల్ స్పీడులో తోలితే సూది కాలి దారం తెగడం ఎరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు.

వేడి పెరిగితే పెద్ద ఫ్యాన్ కావాలి. పెద్ద ఫ్యాన్‌కి మందమైన ఒళ్ళు కావాలి. ఎక్కువ కరెంటుకి పెద్ద బ్యాటరీ. అన్నీ పెరిగాక ధర ఊరుకోదు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ చూడండి. చిప్ ఒక్కటే 15 వాట్ల దాకా తాగుతుంది, బ్యాటరీ 40 వాట్-గంటలు, బరువు 669 గ్రాములు. స్విచ్ 400 గ్రాముల లోపే. పిల్లోడు అడిగే రాగ్ అల్లైలో కూడా బ్యాటరీ 40 వాట్-గంటలే, కానీ గట్టిగా తోలితే చిప్ 25 వాట్లు లాగుతుంది. నలభైని ఇరవై ఐదుతో భాగించండి, గంటన్నర చిల్లర. తెర ఖర్చు ఇంకా కలపలేదు. "మరి ప్లగ్ పెట్టుకుని ఆడతా" అన్నాడు వాడు. ప్లగ్ పెట్టుకునే ఆడేటట్టయితే చేతిలో ఇమిడేదానికి అంత డబ్బు ఎందుకు పెట్టడం? 2021లో మన దేశానికొచ్చిన ప్లేస్టేషన్ 5 ధర 49,990. అది గోడ కరెంటు మీద సుమారు 200 వాట్లు తాగుతుంది, బరువు నాలుగున్నర కిలోలు, ఆ బరువులో పెద్ద భాగం వేడిని చల్లార్చే సరంజామానే. దాన్ని బస్సులో పట్టుకుని పోలేం, అంతే తేడా.

నింటెండో వాళ్ళది ఇది పాత అలవాటే. 1989లో గేమ్ బాయ్ చేసినప్పుడు గున్‌పే యోకోయ్ అనే ఆయన బృందం రంగు తెర వద్దని నలుపు-తెలుపుతో సరిపెట్టుకుంది. నాలుగు చిన్న సెల్లులు వేస్తే పది గంటలకు పైగా నడిచేది. పోటీగా సెగా కంపెనీ రంగు తెరతో గేమ్ గేర్ తెచ్చింది. ఆరు సెల్లులు, మూడు నుంచి ఐదు గంటలు, ధర కూడా ఎక్కువ. పిల్లలకి సెల్లులు కొనిచ్చే తల్లిదండ్రులు దేనివైపు మొగ్గారో ఊహించుకోవచ్చు. స్విచ్ కూడా అంతే, 299 డాలర్ల 99 సెంట్లకి, అప్పటి మారకంలో సుమారు 20 వేలకి, అమ్మకానికి పెట్టారు. 2025 నాటికి 15 కోట్లకు పైగా పోయాయి.

ఇదే తూకం మన బెంగళూరులోనూ ఒకసారి వేశారు. ఆట పెట్టె కాదు గానీ దాని చుట్టమే. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు, ఇక్కడి ఇంజనీర్లు కలిసి పేదవాళ్ళకి అందే చేతి కంప్యూటర్ అని సింప్యూటర్ చేశారు. 206 మెగాహెర్ట్‌జ్ చిప్, ఫ్యాన్ లేదు. 2004లో అమిడా అనే పేరుతో బీఈఎల్ తయారు చేసి పెట్టిన రకాన్ని పక్కకు వంచితే పేజీ తిరిగేది. ఇప్పుడు ఫోన్ వంచి కార్ రేస్ ఆడతారే, అలాంటి పని. వేడి, బలం రెండూ కుదిరాయి, ధర దగ్గరే దెబ్బ తగిలింది. పదివేల చుట్టుపక్కల మొదలైంది, ఆ రోజుల్లో మన జీతాలు ఎంత? అనుకున్నంత అమ్ముడుపోలేదు, ఇంతలో సెల్‌ఫోన్లు చౌకయ్యాయి.

సరే, పిల్లోడి స్విచ్ దగ్గరికొస్తాను. దాని వెనక స్క్రూలు మూడు కాళ్ళవి, మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. సరైన బిట్ తెప్పించి, పూర్తిగా ఆఫ్ చేసి విప్పాం. వెనక మూత, దాని కింద రేకు, ఆ రేకు కింద రాగి పైపు, ఫ్యాన్. ఫ్యాన్ రెక్కలు కనబడితే ఒట్టు. తెల్లటి పీచు, నీలం పీచు, దూదిలాగా పేరుకుపోయి ఉంది. చెల్లెమ్మ చూసి "అయ్యో, ఇది నా ఓవర్‌లాక్ డస్టే" అంది. ఒకటే గది. ఒక మూల మిషన్, ఇంకో మూల టీవీ, టీవీ కింద అరలో ఈ పెట్టె. స్విచ్ వెనక నుంచి గాలి పీల్చి పైనుంచి వదులుతుంది. టీవీకి పెట్టే స్టాండులో సొంత ఫ్యాన్ లేదు, అది కరెంటు, బొమ్మ అందించేదే. మూసిన అరలో పెడితే తాను వదిలిన వేడి గాలినే మళ్ళీ తాను పీల్చాలి.

ఇంకో మాట. స్విచ్‌ని 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని నింటెండో వాళ్ళే చెప్తారు. 2022 వేసవిలో జపాన్‌లో ప్రత్యేకంగా హెచ్చరించారు కూడా. మన ఊరు చల్లనిదని పేరు గానీ, పీఎఫ్ కోసం రోడ్డెక్కిన ఆ 2016 ఏప్రిల్‌లోనే బెంగళూరు 39 డిగ్రీలు దాటింది. అది నీడలో పెట్టిన కొలత. చెల్లెమ్మ వాళ్ళది రేకుల ఇల్లు, మధ్యాహ్నం లోపల ఎంత ఉంటుందో రేకు కింద బతికేవాళ్ళకే తెలుసు. నింటెండో ఇంజనీరు వేసిన తూకంలో రేకుల ఇల్లు లేదు. ఆ గదిలో 25 వాట్లది తెచ్చిపెడితే ఇంకా ముందే ముక్కుతుంది, వేడెక్కినకొద్దీ తన వేగం తానే తగ్గించుకుంటుంది. బలానికని డబ్బు పోసి, ఆ బలం మధ్యాహ్నం పూట చేతికి రాదు.

మిషన్ తుడిచే బ్రష్‌తోనే మెల్లగా పీచు తీశాం. మిల్లులో అలవాటు కొద్దీ ఎయిర్ గన్ పట్టేరు, వద్దు. ఆ గాలికి ఫ్యాన్ పిచ్చిగా తిరిగి బేరింగ్ పోతుంది. రెక్కని వేలితో ఆపి, నోటితో ఊదకుండా బ్రష్‌తోనే తీయాలి, నోటి గాలిలో తడి ఉంటుంది. ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాం. ఈ స్విచ్‌ని కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మలేదు కాబట్టి వారంటీ పోతుందనే భయం కూడా లేదు, అసలు ఉంటే కదా.

ఆ సాయంత్రం రెండు గంటలు ఆగకుండా ఆడాడు. ఇప్పుడు పెట్టె అరలో లేదు, కిటికీ పక్క స్టూల్ మీద ఉంది. కుట్టేటప్పుడు దాని మీద గుడ్డ కప్పాలి, ఆడేటప్పుడు తీసేయాలి అని తల్లీకొడుకుల ఒప్పందం.

పిల్లోడి వాదన మాత్రం పూర్తిగా కొట్టేయను. కొత్త పెద్ద ఆటలు కొన్ని స్విచ్‌కి రానేరావు, వచ్చినవి కొన్ని మసకగా, తడబడుతూ నడుస్తాయి. నింటెండో వాళ్ళకీ అది తెలిసే 2025 జూన్ 5న స్విచ్ 2 తెచ్చారు. బలం పెంచారు, స్టాండులో కూడా ఫ్యాన్ పెట్టారు, ధర 449 డాలర్ల 99 సెంట్లు చేశారు. బ్యాటరీ పెద్దదైనా పెద్ద ఆటలకి రెండు గంటలే. పాత దాంట్లోనే 2019లో చిప్‌ని చిన్నగా చేసి మార్చిన రకం ఉంది, అదే బ్యాటరీతో నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు వస్తుంది. పాతది కొనేవాళ్ళు ఆ రకమేనా అని అడిగి కొనండి.

చెల్లెమ్మ అడిగినదానికి నా జవాబు: పిల్లోడు అబద్ధం చెప్పలేదు, కానీ ఆగిపోయింది బలం లేక కాదు, గాలి ఆడక. పీఎఫ్ డబ్బు సంగతి నేను చెప్పేది కాదన్నాను. ఆమె మర్నాడే దాన్ని బ్యాంకులో వేసి, ఫీజు రసీదు తెచ్చి నాకు చూపించింది. పిల్లోడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి ఆ మూడు కాళ్ళ బిట్ అడిగాడు, స్నేహితుడిదొకటి విప్పాలంట.