జోగిపేట నవ్వులు, ఆదోని బస్టాండు

2021 మార్చి 11న వచ్చిన ‘జాతిరత్నాలు’ చూసే ఉంటారు. జోగిపేట నుంచి ముగ్గురు దోస్తులు ఉద్యోగమంటూ హైదరాబాద్ బయల్దేరతారు. ఏం ఉద్యోగమో వాళ్లకే తెలీదు! పడీపడీ నవ్వాం. అదే మీరు ఆదోని బస్టాండులో బ్యాగుతో బెంగళూరు బస్సు కోసం నిల్చుంటే అంత నవ్వు రాదు.

అసలు శ్రీకాంత్ ఊరెందుకు వదిలాడు? నాన్న నడిపే లేడీస్ ఎంపోరియం పేరుతో పిలిస్తే నామోషీ. మనకూ పత్తి మండీ లెక్కలంటే, మగ్గమంటే అదే నామోషీ కదా! ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లోనే చేనేత సహకార సంఘం పెట్టారు. ఆదోని జిన్నింగు మిల్లుల్లో తూకం, లెక్కలు, రవాణా చూసే పనులుంటాయి. జీతం బెంగళూరంత రాదు, నిజమే. కానీ ఆర్నెల్లు చేస్తే రెజ్యూమెలో ఒక లైను పడుతుంది. హైదరాబాద్ వెళ్లేటప్పుడు శ్రీకాంత్ దగ్గర లేనిది ఆ లైనే.