ఈదే నీటికి రోజూ పరీక్ష - తాగే నీటికి వద్దా?

మొన్న ఉగాదికి బెంగుళూరు నుంచి ఊరికి వచ్చిన మా బంధువుల కుర్రవాడొకడు రచ్చకట్ట మీద కూర్చుని చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడవేసింది. కరువు తరిమితే వలస పోయిన వేలాదిమందిలో వాడూ ఒకడు. అక్కడ ఒక ధనికుల ఇంట్లో తోటపని, దానితోపాటు ఇంటి వెనుక ఉన్న ఈతకొలను చూసుకొనే పని. రోజూ ఉదయం గాజు గొట్టంలో కొలను నీళ్లు పట్టి, నాలుగు చుక్కల మందు వేసి, తేలిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చి చూస్తాడట. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. తగ్గితే నీరు పాచిపడుతుంది, మరీ ఎక్కువైతే కళ్లు మండుతాయి. నీటి పులుపు, క్షారం తెలిపే పి.హెచ్. అంకె 7.2కూ 7.8కూ మధ్య ఉండాలి. పెరిగితే కాస్త ఆమ్లం, తగ్గితే కాస్త సోడా కలుపుతాడు. పదో తరగతి తప్పిన కుర్రవాడు ఈ విద్యను నాలుగు రోజుల్లో నేర్చుకొన్నాడు.

అంతా చెప్పి వాడొక ప్రశ్న వేశాడు. "వాళ్లు ఈదే నీళ్లకు రోజూ పరీక్ష చేస్తారు మామా! మనం తాగే నీళ్లకు ఎప్పుడైనా చేసినామా?" రచ్చకట్ట మీద ఉన్న పదిమందిలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేకపోయాను.

నాలుక తీర్పు చాలదు

నీటి మంచిచెడ్డలను నాలుకతో తేల్చడం మనకు అలవాటు. తియ్యగా ఉంటే మంచినీళ్లు, ఉప్పగా ఉంటే సవుడు నీళ్లు. కాని మన జిల్లాను పట్టి పీడిస్తున్న ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. ఊరంతా మెచ్చుకొనే తియ్యని బోరులోనే అది ఉండవచ్చు. చిన్నపిల్లల పళ్లకు గార పట్టిన తర్వాత, నలభై ఏళ్లకే మనిషి నడుము వంగక, మెడ తిరగక మంచం పట్టిన తర్వాత అది బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి లోకానికి తెలియజేశారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలనీ, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చుననీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఎన్నో ఏళ్లు గడిచినా, మన బోరులో ఎంత ఉందో మనకు తెలియదు.

"మా తాతలు ఈ ఊరి నీళ్లే తాగి తొంభై ఏళ్లు బతికినారు కదా" అని పెద్దలు అంటారు. వారి మాట నిజమే. కాని తాతలు తాగింది దిగుడు బావి నీరు, చెరువు కింద ఊరిన నీరు. మనం తాగుతున్నది వందల అడుగుల లోతున రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు. రాతిలోని ఫ్లోరైడు ఆ నీటిలో కరుగుతుంది. వానలు సరిగా పడక, పైనుంచి కొత్త నీరు దిగక, బోర్లు ఇంకా లోతుకు పోతున్న కొద్దీ ఈ బెడద పెరుగుతుంది. ఊరు అదే అయినా నీరు అది కాదు.

కాచి తాగితే సరిపోతుందని మరికొందరు అనుకొంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ అది మరింత చిక్కబడుతుంది. బ్లీచింగు పొడి చల్లినా పోదు. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే 'నల్గొండ పద్ధతి'ని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. అయితే ఎంత పటిక వేయాలో తెలియాలంటే ముందు ఎంత ఫ్లోరైడు ఉందో తెలియాలి. ఎటు చూసినా పరీక్షే మొదటి మెట్టు.

పిడికిలి లెక్క

ఇక రెండవ సంగతి క్రిములు. తొలివాన పడగానే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి బండ్లు కట్టడం మనకు తెలియనిది కాదు. ట్యాంకులో మందు వేస్తూనే ఉన్నామని పంచాయతీ వారు అంటారు. ఎంత వేశారని అడిగితే "రెండు పిడికిళ్లు" అంటారు. ఎవరి పిడికిలి? పొడి ఏనాటిది? మూత లేని సంచిలో ఎండకు, తేమకు ఉన్న పొడిలో సత్తువ పోతుంది. మిగిలేది సున్నమే.

స్థూలంగా వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి చొప్పున 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రం ట్యాంకులో పోయాలి. గంట ఆగి నీరు వదలాలి. మన బోరు నీళ్లలో క్షారం ఎక్కువగా ఉంటుంది. క్షారపు నీటిలో క్లోరిన్ పని మందగిస్తుంది కనుక ఈ గంట తప్పనిసరి. ఆ తర్వాత ఊరి చివరి ఇంటి కుళాయి నీటిని గాజు గొట్టంలో పట్టి చూడాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే మందు పనిచేసినట్లు. ఏమీ మిగలకపోతే మోతాదు పెంచాలి, లేదా పగిలిన పైపును వెతకాలి. బెంగుళూరు కుర్రవాడు చేసే పని ఇదే.

క్యాన్ల నీళ్లు కొంటున్నాం కదా, మాకేం భయం అనేవారు కూడా ఒకటి గమనించాలి. ప్లాంటు యజమాని చూపే చిన్న మీటరు నీటిలో కరిగిన లవణాలన్నింటి మొత్తాన్ని చూపుతుంది. అందులో ఫ్లోరైడు ఎంతో అది చెప్పదు, క్రిముల సంగతి అసలే చెప్పదు.

ఎవరు చేయాలి?

1990ల నడుమ శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వచ్చి మన పల్లెలకు జలాశయాల నీరు అందించింది. అది జిల్లాకు జరిగిన గొప్ప మేలు. కాని వేసవిలో పైపు నీరు ఆగిన నాడు ఏమి జరుగుతున్నది? పాత బోరు మోటారును అదే ట్యాంకుకు కలిపి నడుపుతున్నారు. కుళాయి అదే కనుక నీరు మారిన సంగతి ఇంటి ఇల్లాలికి తెలియదు. అసలు ప్రమాదం ఇక్కడ ఉంది.

2019లో మొదలైన జలజీవన్ మిషన్ నియమాల ప్రకారం ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలి, పరీక్ష పెట్టె ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? పెట్టె ఎక్కడ ఉంది? బీరువాలో తాళం కింద ఉంటే మందుల గడువు తీరిపోతుంది. గ్రామసభలో ఈ ప్రశ్న అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నా మనవి మూడే మాటలు. ఒకటి, ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, వానల తర్వాత, ఊళ్లోని ప్రతి నీటి వనరును పరీక్షించాలి. నీరు ఎక్కడినుంచి వస్తున్నదో మారిన ప్రతిసారీ పరీక్షించాలి. అనుమానం వస్తే నీళ్ల సీసాను జిల్లా ప్రయోగశాలకు పంపాలి. రెండు, ఫలితాన్ని ట్యాంకు గోడ మీద తేదీతో సహా పెద్ద అక్షరాలతో రాయాలి. కాగితం మీది అంకె కార్యాలయానిది, గోడ మీది అంకె ఊరిది. మూడు, ఫ్లోరైడు మించిన బోరుకు ఎర్రరంగు పూయాలి. ఆ నీరు బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి వాడుకోవచ్చు, వంటకు, తాగడానికి వద్దు. మంచి వనరు ఒక్కటే మిగిలితే దానిని తాగడానికే దాచుకోవాలి.

అధికారులు పరీక్ష మందులు వేళకు అందించాలి. అది వారి బాధ్యత. కాని వారు వచ్చేవరకు చేతులు కట్టుకొని కూర్చోవడం మన బాధ్యత కాదు. విత్తనం కొనేటప్పుడు గుప్పిట్లో పోసి గింజ గింజా చూసుకొనే రైతు, బిడ్డకు పట్టే నీళ్లను చూసుకోలేడా? వచ్చే ఉగాదికి ఆ కుర్రవాడు మళ్లీ వస్తాడు. అప్పటికైనా మా ఊరి ట్యాంకు గోడ మీద ఒక అంకె చూపించి వాడికి జవాబు చెప్పాలని ఉంది.