ముందెవరి ఎత్తు?

మన కళాశాలలో చదరంగపు బల్ల చుట్టూ గుమిగూడే విద్యార్థులలో ఉర్దూ మిత్రులు ‘చాల్’ అంటారు, తెలుగు మిత్రులు ‘ఎత్తు’ అంటారు. మాట వేరైనా నియమం ఒక్కటే: ఒకరు కదిపిన పిమ్మటనే రెండవవారు కదపాలి. ఈ నియమానికి మనమెంతగా అలవాటు పడ్డామంటే, అది యుద్ధస్వభావానికి ఎంత విరుద్ధమో గమనించడమే మానివేశాము. ప్రేమ్‌చంద్ 1924లో వ్రాయగా సత్యజిత్ రాయ్ 1977లో చలనచిత్రంగా తీసిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో లక్నో సర్దారులిద్దరు ఆటలో మునిగి ఉండగానే, 1856లో అవధ్ రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైపోతుంది. బల్లమీద వంతులు సక్రమంగానే సాగాయి. బయట కంపెనీ సైన్యం మాత్రం ఎవరి వంతు కోసమూ ఆగలేదు.

సైన్యాలను నడిపే ఆటలలో అసలైన శాసనం బలాబలాల పట్టిక కాదని నా అభిప్రాయం. ఏ ఆజ్ఞను ముందు లెక్కించాలి, ఏ పోరాటాన్ని తరువాత తేల్చాలి అనే క్రమమే ఆ శాసనం. చదరంగంలో సైతం ముందు కదిపే తెల్లపావుల వారికి కొంత మేలు జరుగుతుందన్నది పోటీల ఫలితాలలో కనిపించే సత్యమే. ఇద్దరి ఆటలో రంగులు మార్చుకొని ఆ లోటు పూడ్చవచ్చును. ఏడుగురు ఆడే ఆటలో ఏమి చేయాలి?

ఈ చిక్కును ప్రష్యా సైనికులు ముందే గుర్తించారు. 1824లో రైస్విట్జ్ అనే యువ అధికారి ప్రకటించిన ‘క్రీగ్స్‌ష్పీల్’లో ఒక్కొక్క వంతు రెండు నిముషాల యుద్ధకాలానికి సమానం. ఇరుపక్షాల సేనానులూ తమ ఆజ్ఞలను తీర్పరికి అందజేస్తారు. ఫలితాన్ని ఆయన పాచికల సాయంతో నిర్ణయిస్తాడు. పాచికలు లేకుండానే ఆ పని చేసిన ఆట ‘డిప్లొమసీ’. అమెరికాకు చెందిన అలన్ కాల్హామర్ దీనిని 1954లో రూపొందించి, 1959లో సొంత ఖర్చుతో 500 ప్రతులు వెలువరించాడు. (1963 నుండి ఈ ఆటను తపాలా ద్వారా కూడా ఆడసాగారు. కాల్హామర్ తరువాతి జీవితంలో తపాలా బంట్రోతుగా పనిచేయడం ఒక విచిత్రం.)

1901 నాటి ఐరోపా పటంపై ఏడు రాజ్యాలు. అన్నిటికీ కలిపి మొదట 22 దళాలు. 34 కేంద్రాలలో 18 గెలిచినవాడు విజేత. ఆటగాళ్ళు మొదట మంతనాలాడుకొని, పిదప ఆజ్ఞలను రహస్యంగా చీటీలపై వ్రాస్తారు. అన్ని చీటీలనూ ఒక్కసారే విప్పుతారు. ప్రతి దళం బలం ఒకటే. రెండు సమానబలాలు ఢీకొంటే ఎవరూ ముందుకు పోరు. కనుక పొరుగు దళం మద్దతు లేనిదే ఎవరినీ తరిమివేయలేము.

ఒక్క ఉదాహరణ చాలును. బర్గండీలో జర్మన్ దళం నిలిచి ఉన్నది. మ్యూనిక్‌లోని మరొక జర్మన్ దళం దానికి మద్దతు ఇస్తున్నది. పారిస్ నుండి ఫ్రెంచి దళం మార్సెయిల్స్ మద్దతుతో బర్గండీ మీదికి వస్తున్నది. రెండుకు రెండు, దాడి విఫలం. కాని అదే సమయంలో ఇటలీ దళం టిరోలియా నుండి మ్యూనిక్ మీదికి వచ్చిందనుకోండి. అది మ్యూనిక్‌లో అడుగు పెట్టలేదు, అయినా అక్కడి మద్దతును తెంచివేస్తుంది. బర్గండీ బలం ఒకటికి పడిపోతుంది, ఫ్రెంచివారు గెలుస్తారు. ఒక్క అంగుళం భూమి కూడా పొందని సైన్యం వేరొక రణరంగపు జయాపజయాలను మార్చివేసింది! మరి బర్గండీలోని దళమే మార్సెయిల్స్ మీద పడి తనపై వచ్చే దాడికి ఉన్న మద్దతును తెంచవచ్చునా? వీలులేదు. ఎవరిమీదికి దాడి జరుగుతున్నదో వారే ఎదురు దూకి ఆ మద్దతును చెరపలేరని నియమం.

సముద్రంపై ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఇంగ్లీషు చానల్‌లోని ఫ్రెంచి నౌకాదళం ఒక సైన్యాన్ని బ్రెస్ట్ నుండి లండన్‌కు చేరవేస్తున్నది. ఉత్తర సముద్రం నుండి ఆ నౌకలపై దాడి జరుగుతున్నది. దానికి మద్దతు లండన్‌లోని నౌకాదళానిది. సైన్యం దిగితే మద్దతు తెగుతుంది, నౌకలు నిలుస్తాయి, కనుక సైన్యం దిగుతుంది. దిగకపోతే మద్దతు నిలుస్తుంది, నౌకలు చెదిరిపోతాయి, కనుక సైన్యం దిగదు. రెండు తీర్పులూ తమకు తామే సరియైనవి! తనను మోసే నౌకలపై దాడికి ఉన్న మద్దతును ఆ సైన్యం తెంచజాలదని ప్రత్యేక నియమం చేసి ఈ వలయాన్ని త్రెంచవలసి వచ్చింది.

కంప్యూటరుకు అప్పగిస్తే పేచీ ఉండదని కొందరు మిత్రుల వాదన. 1991లో వచ్చిన ‘సివిలైజేషన్’లో ప్రతి పోరాటం ఒక్క దెబ్బతో తేలిపోయేది, బల్లేల దళం చేతిలో యుద్ధనౌక మునిగిన సందర్భాలు నేటికీ హాస్యంగా చెప్పుకుంటారు. 1996 నాటి రెండవ ఆటలో బలం క్రమంగా క్షీణించే పద్ధతి తెచ్చాకనే ఆ వింతలు తగ్గాయి. యంత్రం కూడా మనం చెప్పిన క్రమాన్నే పాటిస్తుంది.

ఇంతగా ఎందుకు వ్రాస్తున్నానంటే, నిరుడు హాస్టలులో ఏడుగురు మిత్రులు ఈ ఆట ఆడినప్పుడు తీర్పరిని నేనే. పైనున్న చీటీని ముందు విప్పి, ఫ్రెంచి దాడి విఫలమని ప్రకటించాను. ఇటలీ చీటీ అడుగున ఉండిపోయింది. అది మ్యూనిక్ మీద దాడి అని తెలిసిన తరువాత కూడా, ఒకసారి ఇచ్చిన తీర్పు మార్చనని మొండికెత్తాను. ఫ్రాన్స్ పక్షాన ఆడిన మిత్రుడు లేచి వెళ్ళిపోయాడు. పది రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు పూర్తిగా నాది. అన్ని చీటీలూ చదివి, తెగిన మద్దతులను ముందు తీసివేసి, మిగిలిన బలాలను లెక్కించి, ఆ పిమ్మట గదా తీర్పు చెప్పవలసినది!

వార్షిక క్రీడోత్సవాలలో చదరంగం, క్యారమ్స్‌ల సరసన ఈ ఆటకు కూడా చోటు కల్పించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాను. ఒక పటం, ఏడు కలాలు, ఒక గడియారం ఉంటే చాలును. తీర్పు క్రమాన్ని మాత్రం ఆటకు ముందే గోడమీద అంటించాలి. దానిని తెలుగులో నేను వ్రాసి ఇస్తాను. ఉర్దూలో వ్రాయడానికి ఒప్పుకున్నది, నిరుడు లేచి వెళ్ళిపోయిన ఆ మిత్రుడే.