అంగిలి మీద పొరలు



ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న మన సంఘపు అమ్మాయి సెలవులకు వచ్చి, మైక్రోస్కోపులో తీసిన ఫొటోలు ఫోనులో చూపించింది. మనిషి అంగిలి నుంచి కోసిన ముక్కట. మిల్లీమీటరులో సుమారు 200వ వంతు మందం. రంగు అద్దితే గాని ఏమీ కనబడదు. కణాల కేంద్రకాలు ఊదా రంగులో, మిగతాదంతా గులాబి రంగులో ఉంది.

మేము చాలాసేపు చూశాం. అడుగు వరుసలో కణాలు నిలువుగా, ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. కొత్తవి పుట్టేది అక్కడే. పైకి జరిగేకొద్దీ చదునైపోతాయి. చివరికి పొలుసుల్లా రాలిపోతాయి. ఈ పొరల్లో రక్తనాళాలే ఉండవు, కింద నుంచి ఊరేదే వాటికి ఆహారం. వేడి అన్నం, చేప ముల్లు, అన్నిటి రాపిడీ పై వరుసలే భరిస్తాయి.

తర్వాత ఇంకో ఫొటో తీసింది. అందులో వరుస తప్పింది. అడుగునే ఉండాల్సిన ముదురు రంగు కేంద్రకాలు పెద్దవై పైదాకా వచ్చేశాయి. అడుగున ఉన్న సన్నని పొర తెగనంతవరకు అవి లోపలికి పాకలేదని అర్థం. తెగితే పాకే క్యాన్సరే.

"ఇది అడ్డపొగ తాగేవాళ్ల అంగిలిలో ఎక్కువ అయ్యగారూ. పుస్తకాల్లో మన శ్రీకాకుళం పేరే ఉంది" అంది.

నిజమే. 1971లో అచ్చయిన ఒక పరిశోధన కోసం ఆంధ్రాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకునే అలవాటు మన అవ్వలదే. గాలికి చుట్ట ఆరకుండా అలా మొదలైందంటారు.

ఏళ్ల తరబడి మేము చుట్ట పాపమని ప్రసంగించాం. అవ్వలు మానలేదు, నోరు పుక్కిలించి మందిరానికి రావడం నేర్చుకున్నారు. సిగ్గుతో డాక్టరు ముందు కూడా నోరు తెరవడం లేదు. ఇందులో తప్పు మాదే. మానమని చెప్పాల్సిందే, మానినవారిలో కొందరికి మచ్చలు తగ్గడం వైద్యులు చూశారు. కానీ ముందు నోరు చూపించాలి. తెల్లమచ్చ, ఎర్రదనం, మానని పుండు మొదట్లో నొప్పి పెట్టవు. అందుకే ఎవరూ పట్టించుకోరు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి ఆ పొరలే చూస్తారు. తెగకముందు దొరికితే తీసేయగలరు.

మా ఇంట్లోనూ పెద్దమ్మ తాగుతుంది. గురువారం పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఆటోలో ఇంకో ఇద్దరికి చోటుంది.