ఇంటి కెమెరా తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?



వన్‌టౌన్ నుంచి గాజువాక దాకా ఇప్పుడు ఏ గల్లీలో చూసినా గుమ్మం మీద ఒక కెమెరా కన్ను కనిపిస్తోంది. ఇందులో తప్పేమీ లేదు. మగవాళ్లు స్టీల్‌ప్లాంట్ నైట్ షిఫ్ట్‌లో, పోర్టులో, ఓడల మీద, లేకపోతే సౌదీలోనో దుబాయ్‌లోనో ఉంటారు. ఇంట్లో అమ్మీ, బీవీ, పిల్లలు. ఇంటి హిఫాజత్ మన జిమ్మేదారీ. కెమెరా పెట్టుకోండి. అయితే షాపులో అందరూ బొమ్మ ఎంత క్లియర్‌గా వస్తుందని అడుగుతారు గానీ, ఆ వీడియో ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. మన ఘరానాలకు అసలు సవాల్ అదే.

చౌకగా దొరికే వైఫై కెమెరాల్లో కొన్ని వీడియోను నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు పంపుతాయి. మన వాకిలి బొమ్మ ఎక్కడో ఉన్న కంప్యూటర్లో ఉంటుంది. రెండో పద్ధతి ఎన్‌వీఆర్, అంటే విడిగా ఉండే రికార్డర్ డబ్బా. కెమెరాల నుంచి తీగలు నేరుగా దానిలోకి వస్తాయి, లోపల హార్డ్‌డిస్క్ ఉంటుంది, టీవీకి కలిపితే బొమ్మ కనిపిస్తుంది. పీఓఈ రకమైతే ఒకే తీగలో కరెంటూ వీడియో రెండూ నడుస్తాయి. దీనికి నెట్ అక్కర్లేదు. నా రాయ్ సాఫ్‌గా చెబుతాను: ఇంటికి ఈ డబ్బానే కొనండి, దానికి నెట్ తీగ పెట్టకండి.

ఎందుకంటారా? 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా వీడియోలు బయటపడ్డాయి. డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుంటున్న ఆడవాళ్ల వీడియోలను టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టారు. ఆ తల్లుల్లో ఎవరి కసూర్ ఏముంది? కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకపోవడం కూడా దీనికి ఒక కారణమని వార్తల్లో వచ్చింది. అంతకుముందు 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా లక్షల కెమెరాలనూ రికార్డర్లనూ ఇలాగే పాత పాస్‌వర్డ్‌లతోనే పట్టేసింది. అంటే డబ్బా కొన్నంత మాత్రాన పని అయిపోలేదు. నెట్‌కు తగిలించి పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేస్తే, ఆ డబ్బా దొంగకు తెరిచిన దర్వాజానే. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు సైబర్ భద్రత పరీక్ష తప్పనిసరి చేశారు, మంచి హుకుం. కానీ పాస్‌వర్డ్ మార్చే పని సర్కార్ వచ్చి చేయదు కదా.

"అట్లయితే దుబాయ్ నుంచి నేనెట్లా చూడాలి భాయ్?" అని అడుగుతారు. ఏం చూడాలని? గేటు దగ్గర ఎవరొచ్చారో చూడాలంటే ఆ ఒక్క చోటికి వీడియో డోర్‌బెల్ పెట్టుకోండి, చాలు. హాల్లో, వంటింట్లో, మేడ మీద బట్టలు ఆరేసే చోట కెమెరా పెట్టి ఫోన్‌లో చూస్తూ కూర్చోవడం హిఫాజత్ కాదు, షక్. ఒకరి లోపాల కోసం వెతకవద్దని, అంటే తజస్సుస్ చేయవద్దని సూరా హుజురాత్ 12వ ఆయత్‌లో ఉంది. బీవీకి ఆ హుకుం వర్తించదని ఎవరైనా అనగలరా? పర్దా గురించి గంటలకొద్దీ బయాన్ చేసి, సొంత ఇంట్లో ఆమె దుపట్టా లేకుండా తిరిగే బొమ్మను నెట్‌లోకి పంపేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. కెమెరాలు బయటికి చూడాలి, లోపలికి కాదు. రికార్డర్ పాస్‌వర్డ్ ఇంట్లో ఉండే ఆడవాళ్ల చేతిలో ఉండాలి. అది వాళ్ల అమానత్. బిగించడానికి వచ్చిన కుర్రాడు పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోతే, అతను వీధి మలుపు తిరిగేలోపు మార్చేయండి.

పడోసీ హఖ్ సంగతి కూడా ఉంది. దర్గా కొండ కింద సందుల్లో ఎదురింటి గుమ్మం మన గుమ్మానికి నాలుగు అడుగుల్లోనే ఉంటుంది. మన కెమెరా వాళ్ల వాకిలినీ చూస్తుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఇంటి సొంత అవసరానికి వాడుకునే సమాచారానికి వర్తించదు, కాబట్టి ఆ చట్టం కింద మనల్ని అడిగేవాడు ఉండడు. అయినా వెళ్లి తలుపు తట్టి చెప్పండి. రికార్డర్ సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఎదురింటి భాగం మీద నల్లగా పూసేస్తుంది. రెండు నిమిషాల పని.

గవాహీగా కెమెరా విలువ మన విశాఖ కళ్లారా చూసింది. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పదులకొద్దీ బోట్లు తగలబడ్డాయి. మొదట అందరి వేలూ ఒక యూట్యూబర్ మీదే చూపించింది. తర్వాత పోలీసులు సీసీ కెమెరాల వీడియోలు పరిశీలించి వేరే ఇద్దరిని పట్టుకున్నారు. బేకసూర్ మీద పడిన షక్‌ను తొలగించడానికి కూడా రికార్డింగ్ పనికొస్తుందన్నమాట. అయితే దానికి టైమ్ సరిగ్గా ఉండాలి. నెట్ లేని డబ్బాలో గడియారం మెల్లగా తప్పుతుంది. నెలకోసారి, ఏదో ఒక జుమా రోజున ఫోన్ చూసి దిద్దండి. కోర్టుకు ఇవ్వాల్సి వస్తే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి వీడియో కత్తిరించి వాట్సాప్‌లో తిప్పకుండా డబ్బాను అలాగే ఉంచండి.

ఇక డిస్క్. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున నాలుగు కెమెరాలు పగలూ రాత్రీ నడిస్తే రోజుకు దాదాపు 86 జీబీ పడుతుంది. 2 టీబీ డిస్క్‌లో 23 రోజులు నిలుస్తుంది, ఇంటికి చాలు. కంప్యూటర్‌లో వాడే మామూలు డిస్క్ కాకుండా, 24 గంటలూ రాసే నిఘా డిస్క్ అడిగి తీసుకోండి.

దొంగ డబ్బానే ఎత్తుకుపోతే? నిజమే, నెట్ వద్దన్నవాళ్లు జవాబు చెప్పాల్సిన మాట ఇది. అందుకే దాన్ని హాల్లో టీవీ కింద పెట్టకూడదు. లోపలి గదిలో గాలి ఆడే అల్మారాలో తాళం వేసి పెట్టాలి, పక్కన చిన్న యూపీఎస్ ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరంలో రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. అంతటి తుఫానుకు ఏ యూపీఎస్సూ నిలవదు, కానీ మామూలు కరెంటు కోతల్లో నెట్ పోయినా డబ్బా కొంతసేపు రాస్తూనే ఉంటుంది. మనకు సముద్రపు ఉప్పుగాలి ఒకటి, పోర్టు వైపు బొగ్గు ధూళి ఇంకొకటి. బయట తీగలు కలిసే చోట నీరు చొరని పెట్టె బిగించమనండి, లేకపోతే రెండు వానాకాలాలకే పిన్నులు తుప్పు పడతాయి. లెన్స్‌ను వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవండి, వన్‌టౌన్ వాళ్లైతే వారానికి రెండుసార్లు.