ఇప్పసారా ఎవరి సొంతం?

జిల్లా పేపర్లు చదివేవాళ్ళకు ఈ వార్త కొత్త కాదు. ఎక్సైజ్ దాడులు, ఇన్ని లీటర్ల నాటుసారా స్వాధీనం, ఇన్ని లీటర్ల పానకం ధ్వంసం. ఆ సారా దేనితో కాసిందో మాత్రం వార్తలో ఉండదు. నల్లబెల్లం, పటిక వేసి కాసిన గుడుంబా అయినా, ఇప్పపువ్వు నానబెట్టి కాసిన సారా అయినా రికార్డుల్లో ఒకటే మాట: ఐ.డి. లిక్కర్. నా మొదటి పేచీ ఈ మాటతోనే.

గుడుంబాకు ఊరు లేదు, కాలం లేదు. బెల్లం ఎంత కొంటే అంత కాయవచ్చు. ఎండకాలమైనా వానకాలమైనా, కరీంనగర్ పొలిమేరలోనైనా హైదరాబాద్ బస్తీలోనైనా అదే సరుకు. ఇప్పసారా అట్ల కాదు. దానికి చెట్టు ఉండాలె, చెట్టుకు పువ్వు రావాలె. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు రాత్రి పూట విచ్చుకొని తెల్లవారేసరికి రాలుతుంది. పొద్దెక్కకముందే ఇంటిల్లిపాదీ గంపలు పట్టుకొని చెట్ల కిందికి పోవాలె. తెచ్చిన పువ్వును ఎండుద్రాక్ష రంగు వచ్చేదాకా ఎండబెడతారు. ఎండింది కుండలో రోజుల తరబడి నానుతుంది, పులుస్తుంది. ఆ తర్వాత సన్నటి మంట మీద కాస్తారు. లేచిన ఆవిరి పైన పెట్టిన చల్లనీళ్ళ పాత్రకు తగిలి చుక్క చుక్కగా దిగుతుంది. ఒక్క కాపుకు వచ్చేది కొద్దిగనే.

ఆ కొద్దిదాంట్లోనే రుచి ఉన్నది. పువ్వు వాసన ముందు ముక్కుకు తగులుతుంది, ఆ వెనక ఎండుద్రాక్ష తీపి, ఆ తర్వాత పొగ. పువ్వు సరిగా ఎండకుంటే బూజు వాసన వస్తుంది, మంట ఎక్కువైతే మాడు వాసన. మట్టికుండలో కాసినదానికీ, అల్యూమినియం గిన్నెలో కాసినదానికీ తేడా నాలుకకు తెలుస్తుంది. ఒక్క ఇంటి సారా ఇంకో ఇంటి సారా లెక్క ఉండదు. మా కరీంనగర్ దిక్కు ఏ ఈత చెట్టు కల్లు ఎట్లుంటదో వాదులాడుకునే మనుషులకు ఈ సంగతి విప్పి చెప్పవలసిన పని లేదు.

కల్లు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కల్లుకు లైసెన్సులున్నాయి, గీత కార్మికులకు సొసైటీలున్నాయి. కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్ కలిపి అమ్మిన కేసులు తెలంగాణలో ఎన్నో చూశాం. అయినా ఈత చెట్టును ఎవరూ దోషిని చేయలేదు, కల్తీ చేసినవాడిని పట్టుకోమన్నారు. ఆ పాటి విచక్షణ ఇప్పచెట్టు కాడికి వచ్చేసరికి ఏమైతుంది? గోండు, కొలాం గూడేలకు వచ్చేసరికి ఎందుకు మాయమైతుంది?

ఈ చూపు ఇవ్వాళ్టిది కాదు. బొంబాయి ప్రభుత్వం 1892లో ఇప్పపువ్వు మీదనే ఒక చట్టం తెచ్చింది. నిజాం రాజ్యంలో 1316 ఫస్లీ ఆబ్కారీ చట్టం వచ్చింది. జనం తాగుడు మానాలని ఆబ్కారీలు పుట్టలేదు, తాగినదానికి పన్ను రావాలని పుట్టినయి. ఇంట్లో కాసుకునేదానికి పన్ను రాదు కాబట్టి అది నేరమైంది. దొరలు పోయినా ఆ లెక్క పోలేదు. ఇవ్వాళ రాష్ట్ర ఖజానాకు మద్యం ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తే మెచ్చుకుంటాం. మంచిదే, మెచ్చుకోవాలె. చక్కెర మిల్లు లేని ఊరికి ఇప్పపువ్వే చక్కెర అని తమిళంలో సామెత కూడా ఉన్నది. కానీ అదే పువ్వు లడ్డూ అయితే పౌష్టికాహారం, పేన్ ముందు నేల మీద వదిలే సారా చుక్క అయితే నేరం. గోండుల కొలుపుల్లో, చావు తంతుల్లో ఆ చుక్కకు ఉన్న చోటు గురించి హైమన్‌డార్ఫ్ 1940లలోనే రాసిపెట్టాడు. మన అధికారులు ఆయన పేరు మీద సభలు పెడతారు గానీ పుస్తకం తెరిచినట్టు కనిపించదు.

మరి సారా వ్యతిరేక ఉద్యమం సంగతేంది అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దూబగుంట ఆడవాళ్ళు 1992లో తిరగబడ్డది కాంట్రాక్టరు ఊళ్ళోకి మోసుకొచ్చిన సారా మీద. 'వారుణి వాహిని' అని పేరు పెట్టి ప్రభుత్వమే ప్యాకెట్లలో పోసి అమ్మించిన సారా మీద. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది ఆ పోరాటం వల్లనే. దాన్ని నేను తక్కువ చేయను. ఇప్పసారా తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళు గూడేల్లో లేరని కూడా అనను. ఫూలాజీ బాబా మాట విని మద్యం మానేసిన గోండులు ఎందరో ఉన్నారు, వాళ్ళూ గోండులే. అయితే మానాల్నా, కాసుకోవాల్నా, ఎంత కాయాలె అన్నది తేల్చవలసింది ఎవరు? 1996 నాటి పీసా చట్టం ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండేలా చూడాలని, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా వాటికే ఉండాలని. గ్రామసభలో ఆడవాళ్ళు కూర్చొని ఈ ఊళ్ళో సారా వద్దంటే వద్దే. పండుగకు, కొలుపుకు ఉండనీ అంటే ఉండనియ్యాలె. జీపు దిగి కుండలు పగలగొట్టే అధికారం కన్నా ఆ మాట పెద్దది.

ఇక రెండో పేచీ. ఎక్సైజ్ వాళ్ళను తిట్టే నా పట్నం మిత్రులతోనే. వాళ్ళు అంటరు, దీన్ని బ్రాండు చేద్దాం, మెస్కాల్ చూడు అని. చూద్దాం. మెక్సికోలో మెస్కాల్ కూడా పల్లెటూరి సారానే. ఏళ్ళ తరబడి పెరిగిన అగేవ్ జాతి మొక్క దుంపను మట్టి గుంతలో కాల్చి, నలిపి, పులియబెట్టి కాస్తారు. 1994లో దానికి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. తర్వాతి నిబంధనల్లో మట్టికుండలో కాసేదానికి 'పూర్వికుల మెస్కాల్' అని వేరే తరగతి కూడా పెట్టారు. వినడానికి బాగానే ఉన్నది. కానీ ధ్రువీకరణ ఖర్చు భరించలేని ఊరి మనిషి తన తాత కాసినట్టే కాసినా సీసా మీద 'మెస్కాల్' అని రాసుకోరాదు, 'అగేవ్ సారా' అని రాసుకోవాలె. పేరు పల్లె నుంచి పోయింది. డియాజియో, పెర్నో రికార్ లాంటి కంపెనీలు మెస్కాల్ బ్రాండ్లలోకి వచ్చినయి.

మన దగ్గర గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను 'హెరిటేజ్ మద్యం' అని, ఆదివాసీ స్వయం సహాయక సంఘాల చేత సీసాల్లో నింపిస్తున్నది. సంఘాల చేతిలో పెట్టడం మంచి అడుగే. రేపు తెలంగాణలో కూడా ఎవరో ఒకరు ఆ ఫైలు కదిలిస్తారు. అప్పుడు స్టీలు బాయిలరు ఉంటేనే లైసెన్సు, ల్యాబు పరీక్ష ఉంటేనే అమ్మకం అంటే ఇంద్రవెల్లి గూడెంలో కాసే ముసలమ్మ మళ్ళీ ఐ.డి. కేసే అయితది. సీసా మాత్రం బంజారాహిల్స్ బారుకు పోతది.

కాబట్టి వరుస తప్పవద్దు. ముందు రికార్డుల్లో గుడుంబాను, ఇప్పసారాను విడదీయండి. తర్వాత పీసా ఇచ్చిన అధికారం గ్రామసభకు కాగితం మీద కాక చేతికి ఇయ్యండి. ఇంటికి, దేవుడికి కాసుకునేదాని మీద కేసులు ఆపండి. ఈ మూడూ అయినంక, ఊళ్ళు కావాలంటే, ఊళ్ళ పేరు మీదనే గుర్తింపుకు దరఖాస్తు పెట్టుకుంటాయి. వద్దంటే సీసా అసలే ఉండదు. బారులో కూర్చున్న మనకు ఆ రుచి దొరకకపోతే దొరకకపోనీ.