ఇందిరమ్మ ఇల్లు: ఇంకో అర్ర వేస్తే బిల్లు ఆగుతుందా? 600 అడుగుల రూల్ అసలు లెక్క ఇదీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు పెద్దలు. ఇప్పుడు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కుటుంబాలకు ఈ మాట బాగా తెలిసొస్తోంది. సర్కారు 5 లక్షలు ఇస్తుంది. కానీ ఒక షరతు ఉంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. దాటితే బిల్లు రాదు.

కొడుకుకు పెళ్లయింది కదా, ఇంకో అర్ర ఉంటే బాగుంటుందని కాస్త పెద్దగా పునాది తీసినవాళ్లకు ఇక్కడే చిక్కొచ్చి పడింది. 2025లో పనులు మొదలైన మొదటి నెలల్లోనే, కొలత దాటిన ఇళ్లకు బిల్లులు నిలిచిపోయిన వార్తలు చాలా జిల్లాల నుంచి వచ్చాయి. ఇంతకీ ఈ రూల్ ఎందుకు పెట్టారు? పేదోడు తన సొంత డబ్బుతో ఇంకో గది వేసుకుంటే సర్కారుకు వచ్చే నష్టం ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

మన రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్లు?

2024 మార్చి 11న భద్రాచలంలో సీఎం రేవంత్ రెడ్డి ఈ పథకాన్ని ప్రారంభించారు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లన్నది లెక్క. ఉమ్మడి కరీంనగర్‌లో 13 అసెంబ్లీ సీట్లు, ఉమ్మడి ఆదిలాబాద్‌లో 10. అంటే 23 నియోజకవర్గాలకు కలిపి 80,500 ఇళ్లు. ఇంటికి 5 లక్షల చొప్పున చూస్తే 4,025 కోట్ల రూపాయలు. సిరిసిల్ల నుంచి సిర్పూర్ దాకా ఇన్ని వేల కుటుంబాలకు సంబంధించిన కొలత ఇది.

సొంత జాగా ఉండి ఇల్లు లేని పేదలకే మొదటి విడతలో అవకాశం. మంజూరు ఇంటి ఆడమనిషి పేరు మీద వస్తుంది. వంటగది, టాయిలెట్ తప్పనిసరి, పైన ఆర్‌సీసీ స్లాబ్ ఉండాలి. డబ్బులు ఒకేసారి రావు, నాలుగు దశల్లో వస్తాయి. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి లక్ష. తర్వాత గోడలు, స్లాబ్, చివరికి ఇల్లు పూర్తి కావడం. ప్రతి దశలో ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు. ఆ తర్వాతే ఖాతాలో డబ్బు పడుతుంది.

గమనించారా? మొదటి పైసా రావాలంటే ముందు మనమే బేస్‌మెంట్ కట్టాలి. అంటే అప్పటికే మిత్తికి తెచ్చిన డబ్బు భూమిలో పోసేసి ఉంటాం. కొలత ఎక్కువైందని అప్పుడు చెబితే, వేసిన పునాదిని కుదించుకునే దారి ఉండదు.

600 అంటే ఎంత?

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. గజాల్లో చెప్పాలంటే దాదాపు 67 గజాలు. అయితే ఇది గోడలతో కలిపిన కొలత. బయటి గోడలు తొమ్మిది అంగుళాలవైతే లోపల మిగిలేది పద్దెనిమిదిన్నర అడుగుల వెడల్పు, ఇరవై ఎనిమిదిన్నర అడుగుల పొడవు. అంటే 527 చదరపు అడుగులు. లోపలి గోడలు పోతే ఇంకా తగ్గుతుంది. అందులోనే హాలు, వంటగది, బాత్రూమ్, పడక గది రావాలి. ప్లాన్ జాగ్రత్తగా గీస్తే రెండు చిన్న పడక గదులు కూడా పడతాయి.

ఇప్పుడు ఇంకో లెక్క. ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ రెండు వైపులా ఒక్కో అడుగు ఎక్కువ పెట్టాడనుకోండి. 21 ఇంటూ 31. అంటే 651. రెండే రెండు అడుగుల తేడాతో 51 చదరపు అడుగులు దాటేసినట్టే! కావాలని ఇంకో అర్ర వేసుకున్నవాళ్లే కాదు, టేపు దగ్గర తప్పు చేసినవాళ్లు కూడా ఈ రూల్‌కు చిక్కుతారు.

ఆ ఒక్క గది అసలు ఖరీదు

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఊళ్లో చదరపు అడుగుకు 1,500 రూపాయలు అవుతుందనుకోండి. 600 అడుగుల ఇంటికి 9 లక్షలు. సర్కారు 5 లక్షలు ఇస్తే మీరు 4 లక్షలు పెట్టుకోవాలి. ఇక 10 ఇంటూ 12 గది ఒకటి అదనంగా వేస్తే ఇల్లు 720 అడుగులు, ఖర్చు 10 లక్షల 80 వేలు. గదికి అయ్యేది 1 లక్షా 80 వేలే. కానీ దాని వల్ల 5 లక్షల సాయం ఆగిపోతే, ఆ గది ఖరీదు నిజానికి 6 లక్షల 80 వేలు. మీ చేతి నుంచి పెట్టాల్సింది 4 లక్షల నుంచి ఏకంగా 10 లక్షల 80 వేలకు చేరుతుంది.

బీడీలు చుట్టే ఇంట్లో, పవర్‌లూమ్ మీద బతికే ఇంట్లో, కొడుకు గల్ఫ్ నుంచి పంపే డబ్బు మీద నడిచే ఇంట్లో ఈ తేడా మామూలుది కాదు.

సర్కారు వాదన ఏంటి?

లిమిట్ పెట్టడానికి కారణాలు లేకపోలేదు.

ఒకటి, పేదలకే అందాలన్న ఉద్దేశం. వెయ్యి అడుగుల ఇల్లు కట్టగలిగిన కుటుంబానికి 5 లక్షలు ఇస్తే, పక్కనే గుడిసెలో ఉన్న కుటుంబం వెనకబడుతుంది.

రెండు, సగంలో ఆగిపోతాయన్న భయం. ఆశ కొద్దీ పెద్దగా మొదలుపెట్టి, గోడల దాకా వచ్చాక చేతిలో డబ్బు అయిపోతే ఇల్లు మొండిగోడలతో మిగులుతుంది. మన ఊళ్లలో పాత పథకాల మొండిగోడలు చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది.

మూడు, కేంద్రం నిధులు. పీఎం ఆవాస్ గ్రామీణ్ కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి ఇచ్చేది 1 లక్షా 20 వేలు. అందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే 72 వేలు. పట్టణాల్లో కేంద్రం ఇచ్చేది లక్షన్నర. పట్టణ పథకం రెండో దశలో ఇంటి లోపలి కొలత 45 చదరపు మీటర్లు, అంటే సుమారు 484 అడుగులు దాటకూడదన్న నిబంధన ఉంది. ఆ నిధులు కలుపుకోవాలంటే రాష్ట్రానికీ ఒక కొలత కావాలి.

నాలుగు, పాత అనుభవం. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలో అక్రమాలపై 2014లో తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. అందుకే ఈసారి ఫొటోలు, యాప్, ఒకే కొలత అంటూ పద్ధతి బిగించారు.

మరి చిక్కు ఎక్కడ?

ఇల్లు ఎంత పెద్దదైనా సర్కారు ఇచ్చేది 5 లక్షలే. ఆరు వందల ఒకటో అడుగు నుంచి ఖర్చంతా కుటుంబానిదే. కాబట్టి అదనపు గది వల్ల ఖజానాపై భారం పెరగదు. ఇది మొదటి పాయింట్.

రెండో పాయింట్ ఇంకా ముఖ్యం. ఈ రూల్ అడుగులు లెక్కపెడుతుంది, మనుషులను లెక్కపెట్టదు. ఇద్దరున్న ఇంటికీ 600, ఎనిమిది మంది ఉన్న ఇంటికీ 600. అమ్మానాన్న, పెళ్లయిన కొడుకు, కోడలు, పిల్లలు, చదువుకునే ఆడపిల్ల ఉన్న ఇంట్లో రెండో అర్ర విలాసం ఎలా అవుతుంది?

ఒకప్పుడు మన రాష్ట్ర రాజకీయం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఒక్క గది ఇంట్లో అల్లుడొస్తే ఎక్కడ పడుకోవాలి, మేకను ఎక్కడ కట్టేయాలి అని కేసీఆర్ సభల్లో అడిగేవారు. అలా వచ్చిందే డబుల్ బెడ్‌రూమ్ పథకం. ఆ ఇంటి కొలత 560 అడుగులు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో 1,320 ఇళ్ల కాలనీని 2021 జులైలో ప్రారంభించారు. ఆ ఇళ్లను సర్కారే కట్టి ఇచ్చింది కాబట్టి కొలత దాటే ప్రశ్నే లేదు. కానీ రాష్ట్రమంతా చూస్తే అవి అందినవాళ్ల కన్నా ఎదురుచూసినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు కట్టుకునే బాధ్యత కుటుంబానిది, కొలత మాత్రం సర్కారుది. గొడవ మొదలవుతున్నది ఇక్కడే.

బ్రిటన్‌లోనూ ఇదే గొడవ

ఎక్కువ గది ఉంటే సాయం కట్ అనే రూల్ మన దగ్గరే పుట్టలేదు. బ్రిటన్‌లో 2013 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటిదే అమల్లోకి వచ్చింది. అక్కడ ప్రభుత్వ ఇళ్లలో అద్దెకుండే పేదలకు అద్దె సాయం వస్తుంది. అవసరానికి మించి ఒక పడక గది ఉంటే సాయం కోసం లెక్కపెట్టే అద్దెలో 14 శాతం, రెండు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 25 శాతం కోత పెట్టారు. వారానికి 100 పౌండ్ల అద్దె ఉంటే 14 పౌండ్లు జేబులోంచి కట్టాలన్నమాట. జనం దానికి ‘బెడ్‌రూమ్ ట్యాక్స్’ అని పేరు పెట్టారు.

చిన్న ఇంటికి మారండి అంది ప్రభుత్వం. కానీ మారడానికి సరిపడా చిన్న ఇళ్లే లేవు. కోత భారం పడకుండా స్కాట్లాండ్ ప్రభుత్వం అదనపు సాయం ఇచ్చింది. 2016 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు, వైకల్యం వల్ల ప్రత్యేక గది తప్పనిసరైన కొన్ని కేసుల్లో బాధితుల పక్షాన తీర్పిచ్చింది.

పోల్చి చూస్తే మూడు తేడాలు కనిపిస్తాయి. అక్కడ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, పిల్లల వయసెంత అని లెక్కగట్టి గది ఎక్కువో కాదో తేల్చారు. ఇక్కడ ఆ లెక్కే లేదు. అక్కడ కోత పెట్టింది అద్దెలో కొంత శాతమే, ఇక్కడ బిల్లే ఆగుతుంది. అక్కడ పెన్షన్ వయసు దాటిన పెద్దలకు మినహాయింపు ఇచ్చారు. ఇక్కడ ముసలి అత్తమామలు ఉన్న ఇంటికీ అదే టేపు. ఎంతో విమర్శలు మోసిన బ్రిటన్ రూల్ కూడా కనీసం తలలు లెక్కపెట్టింది.

ఏం చేస్తే బాగుంటుంది?

లిమిట్ పూర్తిగా ఎత్తేయాలని అనడం లేదు. ఎత్తేస్తే పథకం పెద్ద ఇళ్లవాళ్ల చేతుల్లోకి పోయే ప్రమాదం నిజంగానే ఉంది. కానీ మూడు పనులు చేయొచ్చు.

మొదటిది, కొలత తేల్చాల్సింది ముగ్గు పోసిన రోజే. పంచాయతీ సిబ్బంది అక్కడే టేపు పట్టి, కొలత రాసి, లబ్ధిదారు చేతికి కాగితం ఇవ్వాలి. ఆ తర్వాత తేడా వస్తే ఎవరి తప్పో తేలుతుంది.

రెండోది, కొంత సడలింపు. అడుగు అటూ ఇటూ అయితే బిల్లు ఆపకూడదు. అప్పటిదాకా పూర్తయిన దశ డబ్బు ఇచ్చేసి, ఎక్కువైన భాగం ఖర్చు కుటుంబమే భరిస్తుందని రాయించుకోవచ్చు.

మూడోది, కుటుంబ సభ్యులను బట్టి కొలత. రేషన్ కార్డులో ఎంతమంది ఉన్నారో సర్కారు దగ్గర లెక్క ఉంది. ఆరుగురు దాటిన ఇంటికి ఇంకో గదికి అవకాశం ఇస్తే కొత్తగా సర్వే కూడా అక్కర్లేదు.

మీకు ఇల్లు మంజూరైతే ఇవి మర్చిపోవద్దు

పునాది తవ్వకముందే ప్లాన్ కాగితం మీద గీయించుకోండి. కొలత గోడల బయటి నుంచి చూడమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. 600 దాకా పోకుండా 580 దగ్గర ఆగితే తప్పు జరిగినా ఇబ్బంది ఉండదు. మండల కేంద్రంలో మోడల్ ఇల్లు కట్టి ఉంటే ఒకసారి వెళ్లి గదుల కొలతలు చూసి రండి.

ముగ్గు పోసినప్పుడు టేపు కనిపించేలా మీ ఫోన్‌లో కూడా ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే కొలత దాటి ఉంటే పని ముందుకు లాగకండి. ఎంపీడీవో ఆఫీసులో లేదా హౌసింగ్ ఏఈ దగ్గర తాజా ఆదేశం ఏంటో అడిగి, దరఖాస్తు రాసిచ్చి, రసీదు తీసుకోండి. నోటి మాట నమ్మి స్లాబ్ వేయొద్దు.

5 లక్షలు ఇచ్చే సర్కారుకు కొలత పెట్టే హక్కు ఉంది, కాదనలేం. కానీ ఆ కొలత ఇంట్లో ఎంతమంది పడుకుంటారో కూడా చూడాలి కదా? మీ ఊళ్లో కొలత దాటిందని బిల్లు ఆగిన ఇల్లు ఉందా? కామెంట్‌లో ఊరి పేరు, దాటిన కొలత రాయండి. ఆధార్ నంబర్, బ్యాంక్ వివరాలు మాత్రం పెట్టొద్దు.